మేనమామ ఒడి

మా సుందరరాజన్ మామకి ఒకప్పుడు ఒడి ఉండేది.

నవ్వకండి. ఒడి అందరికీ ఉండేదేగా అనుకుంటాం. పొట్ట పెరిగి పెరిగి మోకాళ్ల దాకా వచ్చినవాళ్లకి ఉండదు. కూర్చుంటే తొడలు పొట్ట కిందికి వెళ్లిపోతాయి. పిల్లని కూర్చోబెట్టుకుందామంటే చోటు మిగలదు. మా మామకి జరిగింది అదే.

నా చెవులు కుట్టింది ఆయన ఒడిలోనే. నేను ఆయన అక్క బొమ్మి కూతుర్ని, జయప్రియని. ఎప్పుడో నాయకరాజుల కాలంలో తమిళదేశానికి వచ్చి, ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడుకుంటూ రాజపాళయంలో బతికేస్తున్న కుటుంబాల్లో మాదొకటి. మా వాళ్లలో పిల్లలకి చెవులు కుట్టేటప్పుడు మేనమామ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. ఆయన ఒడిలో పిల్ల కూర్చోవాలి. కుర్చీ పనికిరాదు. కన్నతండ్రి ఎంత గొప్పవాడైనా పక్కన నిలబడి చూడాల్సిందే.

అప్పటికి మామకి ఇంకా మీసం రాలేదు. అమ్మకి వేరే తమ్ముడు లేడు కాబట్టి ఆయన్నే కూర్చోబెట్టారు. సూది గుచ్చినందుకు కాదట, మామ తొడ ఎముక గుచ్చుకున్నందుకు నేను ఏడ్చానని అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. అంత బక్కగా ఉండేవాడు. మా పాపాత్తి అవ్వ, అంటే అమ్మావాళ్లమ్మ, "నిన్ను మీ మామకే ఇచ్చేస్తా" అని నన్ను ఆటపట్టించేది. ఆ ఎముకల గూడు నాకొద్దని నేను మంచం కిందికి దూరేదాన్ని. ఆ ఎముకల గూడు తర్వాతి రోజుల్లో ఏమైందో చెబితే అవ్వ నమ్మేది కాదు.

అవ్వ ఇంట్లో మటన్ ఆదివారం మాత్రమే. అదీ ప్రతి ఆదివారం కాదు, మిల్లులో జీతాలిచ్చిన వారం. తాత పొద్దున్నే వెళ్లి, టేకు ఆకులో చుట్టించుకుని తెచ్చేవాడు. పొట్లం చూస్తే మా పిల్లలందరికీ అదేదో పెద్ద మూటలా కనిపించేది గానీ, విప్పితే అరకిలోనే. ఇంట్లో తొమ్మిది నోళ్లు. అవ్వ ఆ అరకిలోని ఎంత చిన్న చిన్న ముక్కలు చేసేదంటే, కత్తిపీట ముందు కూర్చుని ముక్కల్ని కోస్తోందా, ముత్యాలు ఏరుతోందా అనిపించేది. తర్వాత వంకాయల్నీ ఉర్లగడ్డల్నీ, అంటే బంగాళాదుంపల్నీ, కూడా సరిగ్గా అదే సైజులో తరిగేది. మునక్కాయలు మాత్రం పొడుగ్గా. కొబ్బరి, గసగసాలు, ధనియాలు, చిన్నుల్లిపాయలు సన్నికల్లు మీద నూరితే ఆ చప్పుడుకే వీధిలో కుక్కలు మా గుమ్మం ముందు చేరేవి.

వడ్డించేటప్పుడు చూడాలి అవ్వని. ఎవరి ఆకు చూసినా నిండుగానే ఉండేది. అందులో ముక్కెంతో, వంకాయెంతో నోట్లో పెట్టుకున్నాకే తెలిసేది. రెండోసారి వడ్డించేటప్పటికి గరిటె మట్టికుండ అడుగున గీసుకుంటూ ముక్క కోసం వెతికేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అందరం మాటలు ఆపేసి గరిటె వైపు చూసేవాళ్లం. దొరికిన ముక్క ఎవరి ఆకులో పడుతుందో అని. చాలాసార్లు బక్కవాడని మామకే పడేది. ఆయన దాన్ని సగం కొరికి, మిగతా సగం పక్కన కూర్చున్న సత్య చిన్నమ్మ ఆకులోకి తోసేవాడు. సత్య చిన్నమ్మ ఆయనకి చెల్లెలు, ఇంటికి ఆఖరిది. అవ్వ చూసీ చూడనట్టు ఊరుకునేది.

ఒకసారి ఆ గరిటె ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. మామ చెయ్యి కడుక్కుంటూ అన్నాడు:

"అమ్మా, నేను సంపాదించేటప్పుడు మన ఇంట్లో గరిటె ఎదకకూడదు. పెట్టిన చోటంతా కరి దొరకాల."

కరి అంటే మా ఊళ్లో మాంసం. అవ్వ నవ్వి, "ముందు నువ్వు కొంచెం ఒళ్లు చెయ్యిరా" అంది. రెండు మాటలూ నిజమయ్యాయి. అవ్వకి నోటి వాక్కు ఉందని వీధిలో ఊరికే అనేవారు కాదు.

మీసం వచ్చీరాగానే మామ స్పిన్నింగ్ మిల్లులో చేరాడు. నూలు వడికే రింగ్ ఫ్రేముల దగ్గర పని. ఆ పని అంటే నడక. రెండు వరసల మిషన్ల మధ్య సందులో షిఫ్టంతా అటూ ఇటూ తిరుగుతూ ఉండాలి. ఎక్కడ నూలు తెగితే అక్కడ ఆగి, వేళ్లతో అతికించి, మళ్లీ నడవాలి. ఇంటికి వచ్చేటప్పటికి కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద దూది అంటుకుని ఉండేది. కాళ్లు కడుక్కుని ఆకు ముందు కూర్చుంటే కొండంత అన్నం కరిగిపోయేది. మేమంతా నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. తిన్నదంతా ఎక్కడికి పోతుందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది, మిల్లు సందుల్లోకి పోయేదని.

అన్నీ ఒకేసారి మారలేదు. మామకి పెళ్లయింది. సరోజాదేవి అత్త వచ్చింది, వంటలో చెయ్యి తిరిగిన మనిషి. మామ సూపర్‌వైజర్ అయ్యాడు. ఆ తర్వాత కొన్నేళ్లకి మిల్లులోకి కొత్త మిషన్లు వచ్చాయి. ఏ ఫ్రేములో ఎక్కడ నూలు తెగిందో టీవీలాంటి తెర మీద కనిపిస్తుంది. ఆ తెరల ముందు ఏసీ గదిలో మామకి ఒక తిరిగే కుర్చీ వేశారు. ఆ కుర్చీని చూడటానికి అవ్వని బండి మీద తీసుకెళ్లాడు. అవ్వ కుర్చీని చేత్తో తడిమి, "మెత్తగా ఉంది" అని మురిసిపోయింది. ఆ ఏడాదే పోయింది.

అవ్వ పోయాక ఆదివారాలు మారిపోయాయి. మామ మటన్ కిలో తెచ్చేవాడు, తర్వాత కిలోన్నర. ఎవరైనా వస్తున్నారంటే రెండు. ముక్కలు పెద్దవయ్యాయి. మునక్కాయలు, వంకాయలు కుండలోంచి మాయమైపోయాయి. మటన్‌లో కాయగూర వేయడమంటే అది గతిలేని రోజుల వంట అని మామ అభిప్రాయం. కూర మీద నువ్వులనూనె వేలెడు మందాన తేలాలి. ఆదివారం చాలక బుధవారం వచ్చింది. బుధవారం బిరియాని. మధ్యలో షిఫ్టు దిగి వచ్చేటప్పుడు పరోటా, దాని మీద పోసే మసాలా పులుసు సాల్నా. ఇంటికి ఎవరొచ్చినా ఆకు నిండా వడ్డించి, పక్కనే నిలబడి, "తిను, ఇంకా ఉంది" అనేవాడు. ఆ "ఇంకా ఉంది" అన్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది. అది చూసి నేను కడుపు పట్టకపోయినా తినేదాన్ని.

మా వీధిలో ఒళ్లు చేయడమంటే బాగుపడటమే. మామ బెల్టు మానేసి పంచెకి మారినా, మెట్లెక్కుతూ ఆయాసపడినా ఎవరూ ఏమీ అనుకోలేదు. "సుందరం బాగా ఉన్నాడు" అనేవారు. ఆయనా అలాగే అనుకున్నాడు. అద్దం కూడా అలాగే చెప్పి ఉంటుంది.

నిజం చెప్పింది మా ఇళవరసి.

సత్య చిన్నమ్మని సేత్తూరులో వ్యవసాయం చేసుకునే హరికృష్ణన్ చిన్నాన్నకి ఇచ్చారు. చాలా ఏళ్లు పిల్లలు లేరు. మొక్కని దేవుడు లేడు, తిరగని ఆసుపత్రి లేదు. ఇక వదిలేసుకున్నాక ఇళవరసి పుట్టింది. దానికి మూడేళ్లు రాగానే చెవులు కుట్టాలనుకున్నారు. ముహూర్తం మాట్లాడటానికి చిన్నమ్మావాళ్లు మామ ఇంటికి వచ్చారు. నేనూ అమ్మా కూడా అక్కడే ఉన్నాం. మామ సోఫాలో కూర్చుని "రా తల్లీ" అని చేతులు చాపాడు. పిల్ల ఎక్కింది. పొట్ట మీద కూర్చుంది. జారి కింద పడింది. అది ఏడుస్తుందేమోనని అందరం లేచాం. అది పకపకా నవ్వి, పార్కులో జారుడుబల్ల ఎక్కినట్టు మళ్లీ ఎక్కి, మళ్లీ జారింది. అందరం నవ్వాం. మామ కూడా నవ్వాడు. నవ్వుతూనే పొట్ట లోపలికి పీల్చి, రెండు తొడల మధ్య పిల్లని ఇరికించి కూర్చోబెట్టడానికి చూశాడు. అది నిలవలేదు.

హరికృష్ణన్ చిన్నాన్న మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"బావా, తప్పుగా ఎంచవద్దు. నీకు కింద కూర్చునేదే కష్టము గదా. మన తళవాయిపురం కామరాజ్‌ను కూర్చోబెట్టేదా? అతడూ మామ వరసే గదా."

కామరాజ్ అంటే అవ్వ చెల్లెలి కొడుకు. తళవాయిపురంలో నైటీలు కుట్టించే కంపెనీ నడుపుతాడు. పొద్దున్నే జిమ్ముకి పోతాడు. పొట్ట పలకలా ఉంటుంది. చిన్నాన్న అన్నదాంట్లో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. అయినా నాకు ఒళ్లు మండింది. చిన్నమ్మ తల దించుకుంది. మామ లేచి వెళ్లి చెంబెడు నీళ్లు తాగి వచ్చి, చెల్లెలి మొగుడి వైపు తిరిగాడు.

"మాసి మాసంలో గదా ముహూర్తం? మాసి రానీ మాప్పిళ్ళై. నేను కూర్చుంటాను. కూర్చోలేదంటే నేనే కామరాజ్‌ను పిలిచి కూర్చోబెడతాను."

వాళ్లు వెళ్లిపోయాక వీధి అరుగు మీద నా పక్కన కూర్చుని అన్నాడు:

"జయా, నీకు కుట్టేటప్పుడు నాకేమి తెలుసు? కూర్చోమనినారు, కూర్చున్నాను. ఇప్పుడు తెలుసు. ఈ బిడ్డ కోసరం సత్య ఎన్ని కోవిళ్లు తిరిగింది! ఆ బిడ్డను ఇంకొకడు ఒళ్లో పెట్టుకుంటే, నేను అన్ననని చెప్పుకునేది ఎందుకు?"

ఆయన కళ్లలో నీళ్లు చూడటం అవ్వ పోయిన రోజు తర్వాత అదే మొదటిసారి.

ఇక తప్పు మటన్‌దేనని మా ఇంట్లో అందరం తీర్మానించేశాం. రెండో అనుమానం ఎవరికీ రాలేదు. లావు దేనివల్ల? మాంసం వల్ల. సన్నబడాలంటే? మాంసం మానాలి. ఇంత తేలిక లెక్కకి డాక్టరెందుకు? పైగా అప్పుడే పురట్టాసి నెల వచ్చింది. పెరుమాళ్ నెల అని ఆ నెలంతా మా ఇళ్లలో ఎటూ మాంసం వండరు. మామ స్నానం చేసి, నామం పెట్టుకుని, మాసిలో, అంటే ఇంకో ఐదు నెలలకి, పిల్లకి చెవులు కుట్టేదాకా ముట్టనని వ్రతం పట్టాడు. అందరం చేతులు జోడించాం.

ఇక్కడే మావాళ్ల బుద్ధి బయటపడింది. మా ఇళ్లలో వ్రతమంటే మాంసం లేకపోవడమే గాని తిండి లేకపోవడం కాదు. మటన్ లేక అన్నం ఎలా దిగుతుందోనని సరోజాదేవి అత్తకి ఒకటే దిగులు. పొద్దున నెయ్యి కారే పొంగలి, దానిలోకి వడలు. మధ్యాహ్నం ఉర్లగడ్డ వేపుడు, అప్పడాలు, గడ్డపెరుగు. శనివారమైతే పాయసం, చక్కెర పొంగలి. వీధిలో వాళ్లకి కూడా జాలే. "పాపం, కరి మానినాడు" అని ఒకరు మురుకులు, ఒకరు అరిసెల్లాంటి అధిరసాలు పంపేవారు. నేనేమీ తక్కువ తినలేదు. ఆఫీసు నుంచి వస్తూ ఆయనకని పాల్‌కోవా తెచ్చేదాన్ని. శాకాహారమే కదా!

దీపావళి వచ్చింది. ఆ పొద్దున మా వీధిలో తలంటుకున్న ప్రతి ఇంట్లో మటన్ ఉడుకుతుంది. మామ కొత్త పంచె కట్టుకుని వీధిలో నిలబడ్డాడు. ఒక్కో గుమ్మం నుంచి ఒక్కో వాసన. "ఇది చొక్కలింగం ఇంటిది, సోంపు ఎక్కువేసినారు" అని నాకు వినపడేలా గొణుక్కున్నాడు. లోపలికొచ్చి నేతి పొంగలి తిన్నాడు. ఆయన ఓర్పు చూసి నేను ఇంకో పాల్‌కోవా ముక్క చేతిలో పెట్టాను.

కార్తీక నెలలో ఒక సాయంత్రం నేల మీద కూర్చుని చూసుకున్నాడు. ముందున్నంత ఒడి కూడా లేదు. పక్కింటి పిల్లాడి బరువు మిషన్ తెచ్చి ఎక్కితే, వ్రతానికి ముందుకన్నా బరువు పెరిగింది. చొక్కా గుండీలు ఎందుకు పట్టడం లేదో అప్పుడు తెలిసింది.

"కరి తింటే లావు, మానితే ఇంకా లావు! నేను గాలి తిని బతకాలా?" అని అత్త మీద కేకలేశాడు. అత్త ఏడ్చింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, నా మీద కూడా. మర్నాడే ఇద్దర్నీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను.

ఆ డాక్టరమ్మ తమిళావిడ. ఏమేం తింటారని అడిగితే అత్త గర్వంగా అంతా చెప్పింది. ఆవిడ కలం కింద పెట్టి నవ్వింది. తర్వాత నెమ్మదిగా, మాకు అర్థమయ్యేలా చెప్పింది. మాంసం ఎక్కువ తినేవాళ్లలో లావుగా ఉన్నవాళ్లు ఎక్కువ కనిపిస్తారు, అది నిజమేనంది. అయితే తప్పంతా ముక్క మీద వేస్తే ఎలా అంది. ముక్క ఎంత తిన్నారు, దాంతోపాటు ఎంత నూనె లోపలికి పోయింది, ఎన్ని పరోటాలు పోయాయి, తిన్నాక మనిషి ఎంత కదిలాడు, ఇవన్నీ చూడాలట. "మీరు మటన్ తీసేసి, ఆ చోట్లో నెయ్యి పోశారు" అంది. అత్త నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"మీరు సన్నగా ఉన్న రోజుల్లో ఎలా తినేవారు?" అని అడిగింది ఆవిడ.

మామ మొదలుపెట్టాడు. టేకు ఆకు పొట్లం, ముత్యాల్లాంటి ముక్కలు, వంకాయలు, మునక్కాయలు, మిల్లు సందుల్లో నడక. బయట జనం ఎదురు చూస్తున్నా ఆవిడ ఆపలేదు. అంతా విని, మీ అమ్మగారి వంటే వండించుకోండి, ఆ నడకే నడవండి, నేను కొత్తగా చెప్పేదేముంది అంది.

సంతోషిస్తాడనుకుంటే మామ ముఖం చిన్నబోయింది. దారిలో బండి ఆపించి అన్నాడు:

"మళ్లీ గరిటె ఎదకాలా జయా? అది వద్దనే గదా ఇంత కష్టపడినాను."

నాకు ఆ రోజుల మీద ఎంత బెంగ ఉన్నా, ఆ రోజుల్లో ఆకలిని ఆయన తిన్నంత నేను తినలేదు.

పెరుమాళ్‌కి దండం పెట్టి, తప్పు చెప్పుకుని, ఆ ఆదివారం వ్రతం విప్పాడు. అరకిలో తెచ్చాడు. నన్నూ అమ్మనీ కూడా పిలిచారు. అత్తకి ఆ వంట రాదు. అమ్మే కూర్చుని అవ్వ కోసినట్టు చిన్న ముక్కలు కోసింది. వంకాయలు, మునక్కాయలు వేసింది. నూనె రెండు చెంచాలు. మిక్సీ వద్దని మసాలా రాతి మీద నూరింది. పులుసు పల్చగా, ఎర్రగా మరిగింది. ఇల్లంతా వాసన అలుముకునేసరికి మామ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. పొలమారిందేమోనని అత్త నీళ్లు అందించింది. ఆయన ఆకు మీద చెయ్యి పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"అమ్మ చేసిన పులుసు మాదిరే ఉంది అక్కా. ఇన్ని దినాలు అంత కరి తిన్నాను, ఈ రుచి ఎందులోనూ లేదు."

అమ్మా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అవ్వ మమ్మల్ని చూసి ఉంటే అన్నం ముందు ఏడుపేమిటని చీపురు తీసేది.

మిల్లులో కూడా మామ కుర్చీలోంచి లేచాడు. తెర మీద చూసి మైకులో చెప్పేవాడు కాస్తా, తానే ఫ్రేముల మధ్యకి నడిచి వెళ్లి చూడటం మొదలుపెట్టాడు. ఒడిశా నుంచి వచ్చి పనిచేస్తున్న అమ్మాయిలు, తమ పని మీద సారుకి అనుమానం వచ్చిందేమోనని భయపడ్డారట. మొదటి వారం మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేకపోయాడు. అత్త వేడినీళ్ల కాపడం పెడుతూ, "ఇదంతా ఈ వయసులో కావాలా" అని సణిగేది. ఒకరోజు ఆయన కనుబొమల మీద దూది అంటుకుని ఇంటికి వచ్చాడు. అమ్మ దాన్ని తుడవబోయి, తుడవకుండా అలాగే చూస్తూ ఉండిపోయింది.

అంత సులువుగా ఏమీ జరగలేదు. ఒక సాయంత్రం నేను వస్తుంటే పరోటా అంగడి ముందు మామ బండి కనిపించింది. ఆవేశంగా లోపలికి వెళ్లాను. మామ మూల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు ఒక్క టీ గ్లాసు. అవతల పెనం మీద పరోటాలు చితుకుతున్న చప్పుడు.

"ఏంది మామా ఇది?"

"వాసన పీల్చుకుంటా ఉన్నాను జయా. వాసనకు లావు వచ్చునా? డాక్టరమ్మను అడుగు."

అంగడివాడు కూడా నవ్వాడు. నేను తిట్టలేకపోయాను. ఆయన టీ అయ్యేదాకా పక్కన కూర్చున్నాను.

మాసి వచ్చింది. సేత్తూరు అవతల కొండ దిగువన మా కులదైవం కోవెల. సీరు పళ్లేలతో, అంటే సారెతో, మేనమామ తరఫు మేకతో తెల్లవారకముందే చేరుకున్నాం. మామ సన్నబడ్డాడా అంటే, పడ్డాడు, కాని సినిమాల్లో చూపించినట్టు కాదు. పొట్ట ఇంకా ఉంది. పాత చొక్కాలు వదులయ్యాయి, అంతే. కామరాజ్ పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. మంచివాడు, దూరంగా వేపచెట్టు దగ్గరే నిలబడ్డాడు. అవసరమైతే పిలుస్తారని అందరికీ తెలుసు. ఎవరూ అటు చూడటం లేదు.

పిల్లకి తల నీలాలు తీశారు. ఆసారి, అంటే బంగారుపని ఆయన, దారానికి పసుపు రాసి, సూది పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మామ నేల మీద పరిచిన చాప ముందు నిలబడ్డాడు. ఒక చెయ్యి నేల మీద ఆనించి, ఒక మోకాలు మడిచి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. రెండో కాలు మడతపడటానికి కాసేపు పట్టింది. అమ్మ నా చెయ్యి నలిపేస్తోంది. కాలు మడతపడింది. బాసింపట్టు కుదిరింది. పొట్టకీ మోకాళ్లకీ మధ్య చోటు కనిపించింది. పెద్దదేమీ కాదు. మూడేళ్ల పిల్లకి సరిపోతుంది.

"బిడ్డను ఇయ్యి సత్యా" అని చేతులు చాపాడు.

చిన్నమ్మ పిల్లని ఆయన ఒడిలో కూర్చోబెట్టింది. పిల్ల నిలిచింది. మామ రెండు చేతులతో చుట్టేశాడు. సూది గుచ్చుకోగానే ఇళవరసి కొండ మారుమోగేలా ఏడ్చింది. మామ దాని బోడిగుండు మీద గడ్డం ఆనించుకుని, "అయిపోయింది తల్లీ, అయిపోయింది" అంటూ తనే ఎక్కువ ఏడ్చాడు. హరికృష్ణన్ చిన్నాన్న పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. కామరాజ్ వేపచెట్టు కింద నుంచి ఈల వేశాడు.

తెల్లవారకముందే లేచిన పిల్ల, ఏడ్చి ఏడ్చి ఆ ఒడిలోనే నిద్రపోయింది.

ఇంతలో వంట అయిపోయింది. పెద్ద గుండిగల మూతలు తీశారు. మేక మాంసం వాసన కొండగాలితో కలిసి కోవెల చుట్టూ తిరిగింది. పంక్తిలో ఆకులు వేశారు. జనం కూర్చున్నారు. మా వాళ్లలో మేనమామ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా పంక్తిలో ఎవరూ చెయ్యి ముంచరు. పొద్దున్నుంచి ఏమీ తినని జనమంతా మామ వైపు చూస్తున్నారు. మామ కదలలేదు.

కామరాజ్ వచ్చి వంగాడు.

"అన్నా, పిల్లను నేను ఎత్తుకుంటాను. నువ్వు పోయి కూర్చో."

"వద్దురా. లేస్తుంది."

"అంత మంది కాచుకున్నారు అన్నా."

"లేస్తుంది అని చెప్తా ఉన్నాను గదా."

కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. నుదురంతా చెమట. అయినా చేతులు వదల్లేదు. చివరికి చిన్నమ్మే ఒక ఆకులో అన్నం, మటన్ పెట్టించుకుని తెచ్చింది. ఆయన ముందు గొంతుకూర్చుని ముద్ద కలిపింది. అందులో ఒక మెత్తటి ముక్క పెట్టి అన్న నోటికి అందించింది. మామ తిన్నాడు. కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలాడు. పంక్తిలో అందరూ చేతులు ముంచారు.

చిన్నమ్మ రెండో ముద్ద కలిపింది. ఈసారి పెద్ద ముక్క ఏరి పెట్టింది. మామ తల అడ్డంగా ఊపాడు.

"చాలు సత్యా. నువ్వు పోయి తిను. బిడ్డ లేచినాక చూసుకుంటాను."

మటన్ ముందు మా మామ నోట "చాలు" అన్న మాట మా ఇంట్లో అంతవరకూ ఎవరూ వినలేదు. చిన్నమ్మ ఆ ముద్ద తనే తిని, ఆయన పక్కన చాప మీద జరిగి కూర్చుంది.